అయిదు కొలతలు, ఒక గణన యంత్రం

మా దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ దాటి హయత్‌నగర్ వరకు పోయే దారిలో భూమిని గూర్చిన సంభాషణ వినబడని టీ దుకాణం లేదు. అక్కడ ఎకరాల మాట తక్కువ, గజాల మాట ఎక్కువ. ఒకప్పుడు ఈ ఊళ్ళలో పొలాన్ని గుంటలలో లెక్కించేవారు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు నూట ఇరవై ఒక్క చదరపు గజాలు. ఎల్.బి.నగర్ పురపాలక సంఘం 2007లో మహానగర పాలక సంస్థలో విలీనమైనది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్‌కు వచ్చినది. ఈలోగా గుంటలు కరిగి గజాలైనాయి. గజం ధర పెరిగినకొద్దీ గజంలో పదవ వంతు కూడా లెక్కలోకి వచ్చినది. ఆ పదవ వంతును పట్టుకొనే పనిలో నేను ఆదివారాలు గడుపుతున్నాను. మా మేనమామ ప్రైవేటు సర్వేయరు. నేను సివిల్ ఇంజనీరింగు చదువుతూ ఆయన వెంట టేపు పట్టుకొని తిరిగి, స్థలానికి ఇంత అని కూలి పుచ్చుకొనే విద్యార్థిని.

ఈ పనికోసం తక్కువ ధరలో ఒక ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్‌ను ఎన్నుకొనడానికి నేను పడిన ప్రయాస మన కళాశాలలో మరి కొందరికి ఉపయోగపడవచ్చునని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. అయితే యంత్రం సంగతి చెప్పబోయే ముందు లెక్క సంగతి చెప్పాలి. లెక్క తెలియక యంత్రం కొన్నవాడు గుర్రం లేకుండా జీను కొన్నవాడితో సమానం.

నాలుగు ప్రక్కలున్న స్థలానికి వైశాల్యం కట్టడంలో మన ప్రాంతపు మధ్యవర్తులలో ఒక పద్ధతి ప్రచారంలో ఉన్నది. ఎదురెదురు భుజాలను కూడి సగం చేస్తారు. ఆ రెండు సగాలను గుణిస్తారు. అడుగులలో కొలిస్తే తొమ్మిదితో భాగించి గజాలు చెబుతారు. స్థలం నలుమూలలా మూలమట్టంగా ఉంటే ఈ పద్ధతి నిక్కము. వంకర ఉంటే మాత్రం ఇది ఎల్లప్పుడూ అసలు కన్న ఎక్కువే చూపుతుంది, ఎన్నడూ తక్కువ చూపదు. అనగా అమ్మేవానికి ఎప్పుడూ లాభమే. ఈ సంగతి నిన్న మొన్న కనిపెట్టినది కాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన గ్రంథంలో ఈ సగటు పద్ధతిని స్థూల ఫలమని పేర్కొని, దాని సరసనే సూక్ష్మ ఫలానికి వేరొక సూత్రం చెప్పాడు. నాలుగు భుజాల మొత్తంలో సగం నుండి ఒక్కొక్క భుజాన్ని తీసివేసి, వచ్చిన నాలుగు సంఖ్యలను గుణించి వర్గమూలం తీయడమే ఆ సూత్రం. చతుర్భుజం నాలుగు శీర్షాలూ ఒక వృత్తం మీద ఉన్నప్పుడే అది సరిపోతుంది. ఆ నాలుగు భుజాలతో ఏర్పడగల స్థలాలన్నింటిలో పెద్దది అదే.

గణితం మన భాషకు కొత్త కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన తెనిగించాడు. భాస్కరాచార్యుని లీలావతిని అక్బరు కొలువులోని ఫైజీ 1587లో పారశీకంలోకి మార్చాడు. ఉర్దూ, తెలుగు రెండూ వినబడే మన తరగతి గదిలో ఈ రెండు పేర్లూ వినబడితే బాగుండునని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అది వేరే వ్యాసం.

మా మామయ్య పద్ధతి అన్నింటికన్న సరళం. నాలుగు భుజాలతో పాటు ఒక కర్ణాన్ని, అనగా ఒక మూల నుండి ఎదుటి మూలకు గల దూరాన్ని కూడా కొలుస్తాడు. స్థలం రెండు త్రిభుజాలవుతుంది. త్రిభుజానికి మూడు భుజాలు తెలిస్తే చాలు, హీరో సూత్రం ప్రకారం వైశాల్యం వచ్చేస్తుంది. మూడు భుజాల మొత్తం ఒకటి, ఒక్కొక్క భుజాన్ని మిగతా రెండింటి మొత్తం నుండి తీసివేయగా వచ్చేవి మూడు. ఈ నాలుగింటిని గుణించి, వర్గమూలం తీసి, నాలుగుతో భాగించాలి. రెండు త్రిభుజాలనూ కూడి, చదరపు అడుగులను తొమ్మిదితో భాగిస్తే గజాలు. నాలుగు తొమ్మిదులు ముప్పది ఆరు కనుక, రెండు వర్గమూలాలను కూడి ఒక్కసారే ముప్పది ఆరుతో భాగిస్తే సరిపోతుంది. లెక్క ఒక్కటే. కాని ఒక లేఅవుటులో అరవై స్థలాలుంటే అరవై సార్లు చేయాలి.

గత వేసవిలో జరిగిన ఒక సందర్భం చెబుతాను. ఆర్.టి.సి.లో కండక్టరుగా పనిచేసి విశ్రాంతి పొందిన ఒక పెద్దమనిషి హయత్‌నగర్ అవతల ఒక స్థలం చూసుకొన్నాడు. మధ్యవర్తి కాగితం మీద దాదాపు 282 గజాలని ఉన్నది. భుజాలు వరుసగా 40, 60, 46, 58 అడుగులు. ఒక మూల పెరిగి ఉన్నదని కంటికే తెలుస్తున్నది. ఈశాన్యం పెరిగితే మంచిదని మనవారి నమ్మకం. అందువల్ల వంకర స్థలాన్ని వంకర అని ఎవరూ అనరు, ఈశాన్యం పెరిగినదని మురిపెంగా చెబుతారు. ఆ మురిపెంలోనే గజాలు మాయమవుతాయి.

మేము కర్ణం కొలిచాము. 66 అడుగులు వచ్చినది. ఎండలో వేపచెట్టు క్రింద నిలబడి నేను కాలిక్యులేటర్ తీశాను. ఆ పెద్దమనిషి నా ప్రక్కకు వచ్చి మెల్లగా, "జర చూసి చెప్పు బిడ్డా, ఇవి నా పీ.ఎఫ్. పైసలు" అన్నాడు.

లెక్క వేస్తే మొదటి త్రిభుజం 1181.30 చదరపు అడుగులు, రెండవది 1304.07. మొత్తం 276.15 గజాలు. సగటు పద్ధతిలో 281.89. తేడా అయిదు గజాలు దాటి ఆరింటికి దగ్గరగా ఉన్నది. గజం ఇరవై వేలనుకొన్నా లక్ష రూపాయల పైమాట. మధ్యవర్తి నవ్వి, "చిన్న పిల్లగాని లెక్క నమ్ముతవా అన్నా?" అన్నాడు.

మామయ్య కోపగించలేదు. రెండవ కర్ణం కూడా కొలవమన్నాడు. 79 అడుగుల 3 అంగుళాలు వచ్చినది. మూడు అంగుళాలంటే పావు అడుగు, కనుక యంత్రంలో 79.25 అని వేయాలి. 79.3 అని వేసేవారిని నేను చూశాను. ఈ కర్ణంతో స్థలం మరో విధంగా రెండు త్రిభుజాలవుతుంది. సంఖ్యలన్నీ వేరు. అయినా జవాబు 276.12 గజాలు వచ్చినది. రెండు వేర్వేరు దారులలో పోయి ఒకే ఇంటికి చేరినట్లు, మూడు వందల వంతుల తేడాతో రెండూ కలిశాయి. బ్రహ్మగుప్తుని సూత్రం ప్రకారం కూడా కట్టి చూపాను. 281.45 వచ్చినది. అనగా ఆ నాలుగు భుజాలతో ఎంత చక్కగా స్థలాన్ని గీసినా అంతకు మించి రాదు. మధ్యవర్తి కాగితం మీది సంఖ్య ఆ గరిష్ఠాన్ని కూడా దాటినది! అసలు ఈ వంకర తెలుసుకోవడానికి ఇంత గణితం కూడా అక్కరలేదు. తాపీమేస్త్రీలు పునాదికి ముగ్గు పోసేటప్పుడు రెండు కర్ణాలూ సమానమో కాదో చూస్తారు. 66కూ 79కీ పదమూడు అడుగుల తేడా ఉన్నదంటే ఇక చెప్పేదేమున్నది?

ఆ దినం నన్ను ఇబ్బంది పెట్టినది గణితం కాదు, యంత్రం. నా వద్ద ఉన్నది క్యాసియో ఎఫ్‌ఎక్స్-991 ఈఎస్ ప్లస్. మన విద్యార్థులలో చాలామంది సంచులలో ఉండే యంత్రమే. అది ప్రోగ్రామబుల్ కాదు. కాని దానిలో కాల్క్ అనే మీట ఒకటి ఉన్నది. సూత్రాన్ని ఏ, బి, సి, డి, ఇ అక్షరాలతో ఒకసారి వ్రాసి ఆ మీట నొక్కితే, యంత్రం ఒక్కొక్క అక్షరం విలువ అడిగి జవాబు చెబుతుంది. మళ్ళీ నొక్కితే కొత్త విలువలు అడుగుతుంది. ఒకే సూత్రాన్ని పదేపదే వాడవలసినవారికి ఇది పేదవాని ప్రోగ్రామని చెప్పవచ్చును. చాలామంది విద్యార్థులు మూడేళ్ళు ఆ యంత్రాన్ని వాడి కూడా ఆ మీటను నొక్కి ఎరుగరు. ఆ వరుసలో 99 బైట్ల పొడవు వరకు వ్రాయవచ్చును. మా గజాల సూత్రం అక్షరాలు, గుర్తులు కలిపి సుమారు అరవై అయిదు. హాయిగా పడుతుంది. పాత 991 ఎంఎస్‌లో 79 అంగలే ఉన్నా అందులోనూ పడుతుంది. ఎఫ్‌ఎక్స్-82 ఎంఎస్‌లో మాత్రం ఈ సౌకర్యమే లేదు.

లోపం ఏమిటంటే, ఆ సూత్రం నిలువదు. కొంతసేపు తాకకపోతే యంత్రం తనంతట తాను ఆరిపోతుంది. ఆరితే సూత్రం పోతుంది. ఒక స్థలం కొలిచి మరో స్థలానికి పోయేలోగా, లేదా మధ్యవర్తి వాదిస్తున్న ఆ పది నిమిషాలలో, అది ఆరిపోతుంది. ప్రతి అక్షరానికీ ముందు ఆల్ఫా మీట నొక్కాలి కనుక సూత్రాన్ని మళ్ళీ ఎక్కించడానికి తొంభై దాకా నొక్కుళ్ళు. ఎండలో, చెమట చేతులతో, ప్రక్కన ఒకరి పీ.ఎఫ్. పైసల భయం నిలబడి ఉండగా తొంభై నొక్కుళ్ళు నొక్కడం ఎట్టిదో నొక్కినవారికే తెలుస్తుంది. ప్రోగ్రామబుల్ యంత్రానికీ దీనికీ అసలు భేదం ఇక్కడ ఉన్నది. తెలివిలో తేడా తక్కువ, జ్ఞాపకంలో తేడా ఎక్కువ.

రెండవ భేదం కూడా కలదు. పన్నెండు మూలలున్న భూమిని చుట్టి కొలిచినప్పుడు ప్రతి గీటుకూ దిశ, దూరం వ్రాసుకొంటాము. దూరాన్ని కోణపు కొసైన్‌తో గుణిస్తే ఉత్తరానికి ఎంత జరిగామో, సైన్‌తో గుణిస్తే తూర్పుకు ఎంత జరిగామో తెలుస్తుంది. చుట్టి వచ్చి మొదటి మూలకు చేరితే రెండు మొత్తాలూ సున్నా కావాలి. ఎన్నడూ కావు. మిగిలిన ఆ కాస్త దోషాన్ని గీటు పొడవును బట్టి పంచడం బౌడిచ్ అనే అమెరికా గణితజ్ఞుని నియమం. ఇది ఒకే సూత్రాన్ని పన్నెండు సార్లు చేసి, మొత్తాలు కట్టి, మళ్ళీ పన్నెండు సార్లు సవరించే పని. కాల్క్ మీటకు ఇది చేతకాదు. చక్రంలా తిరిగి తిరిగి చేసే యంత్రం కావాలి.

కనుక అన్వేషణ మొదలుపెట్టాను. నా వద్ద ఆదివారాల కూలి నుండి మిగిల్చిన నాలుగు వేల రూపాయలున్నవి. అందులోనే పరీక్ష రుసుము కట్టాలి. అమ్మ చీటీ డబ్బు ముట్టుకోరాదని నాకు నేనే నియమం పెట్టుకొన్నాను.

మొదట దిల్‌సుఖ్‌నగర్‌లో తిరిగాను. శిక్షణ కేంద్రాలు, వసతి గృహాలు, జిరాక్సు దుకాణాలు ఒకదానినొకటి తోసుకొంటూ నిలబడిన ఆ వీధులలో కాలిక్యులేటర్ అమ్మని పుస్తకాల దుకాణం అరుదు. అద్దాల అరలో 82, 991 వరుసలు కనబడతాయి. ప్రోగ్రామబుల్ కావాలంటే ఒక దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "పరీక్ష హాలులోకి రానియ్యని దాన్ని నా దుకాణంలో పెట్టుకొని నేనేం చేసుకోవాలె తమ్మీ?" అన్నాడు. ఆ ఒక్క మాటలో మన ప్రాంతపు గణన యంత్రాల వాణిజ్యశాస్త్రమంతా ఉన్నది. ఇక్కడ యంత్రాన్ని పని నిర్ణయించదు, పరీక్ష నిర్ణయిస్తుంది. మన పరీక్షలలో ప్రోగ్రామబుల్ నిషిద్ధం. గేట్ పరీక్షలోనైతే అసలు చేతి యంత్రమే పనికిరాదు, తెరమీద కనబడే యంత్రాన్నే వాడాలి. హాంకాంగ్‌లో పరీక్షల సంస్థ కొన్ని ప్రోగ్రామబుల్ నమూనాలకు కూడా అనుమతి ఇస్తుంది. అందువల్ల అక్కడ చౌకరకపు ప్రోగ్రామబుల్ యంత్రాలు విద్యార్థుల చేతులలో ఉంటాయి. మన వీధిలో వాటి ఊసే లేదు.

ఆ దుకాణంలో కొత్తగా వచ్చిన 991 సిడబ్ల్యు కూడా చూశాను. తెర అందంగా ఉన్నది, మీటలు గుండ్రంగా ఉన్నవి. కాని కాల్క్ అనే మీట దానిమీద లేదు. విలువలను చరరాశుల పట్టికలోకి పోయి మార్చుకోవలసి ఉన్నది. కొత్తది కదా అని కొనబోయేవారు ఒకసారి ఈ సంగతి ఆలోచించుకొనవలెనని నా మనవి. పదేపదే ఒకే సూత్రం వాడేవారికి దానికి ముందు వచ్చిన 991 ఈఎక్స్ గాని, ఇంకా పాతదైన ఈఎస్ ప్లస్ గాని మేలు.

కోఠీలోని గుజరాతీ గల్లీలో తిరిగినా ప్రోగ్రామబుల్ దొరకలేదు. గ్రాఫులు గీసే పెద్ద యంత్రాలు తెప్పిస్తామన్నవారున్నారు. వాటి ధర నా నాలుగు వేలకు ఎంతో దూరం. హ్యూలెట్ పాకార్డు వారి 35 ఎస్ అనే యంత్రం 2007లో వచ్చినది, సర్వేయర్లు దానిని ఇష్టపడేవారు. దాని తయారీ ఆగిపోయినది. ఆగిపోయిన తరువాత పాతవాటి ధర తగ్గాలి, పెరిగినది. ఇది విచిత్రం.

ధరల మాట వచ్చినది కనుక కొంచెం వెనుకకు పోవడం తప్పు కాదు. 1972లో అదే సంస్థ హెచ్‌పి-35 అనే మొట్టమొదటి జేబు సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ను 395 డాలర్లకు అమ్మినది. నాటి మారకంలో మన డబ్బు సుమారు మూడు వేలు. 1974లో వచ్చిన హెచ్‌పి-65 చేతిలో ఇమిడే తొలి ప్రోగ్రామబుల్ యంత్రం. వంద అంగల ప్రోగ్రామును చిన్న అయస్కాంతపు పట్టీమీద దాచుకొనేది. ధర 795 డాలర్లు. 1975లో అమెరికా, రష్యా వ్యోమగాములు ఆకాశంలో కలుసుకొన్న అపోలో-సోయజ్ యాత్రలో అది కూడా వెళ్ళినది. మన దేశంలో ఆ దశకంలో కాలిక్యులేటర్ల అమ్మకంతో మొదలైన మైక్రోకాంప్ అనే చిన్న సంస్థ వెనుక ఉన్నవారే 1976లో హెచ్.సి.ఎల్.ను స్థాపించారు. అదే కాలంలో మన కళాశాలలలో విద్యార్థులు క్లార్క్స్ టేబుల్స్ పుటలు త్రిప్పుతూ లాగరిథములు వెదకుకొనేవారు. మామయ్య వద్ద ఆ పుస్తకం ఇంకా ఉన్నది. అట్ట ఊడినది. సైన్ల పుట మాత్రం వ్రేళ్ళ ముద్రలతో నల్లబడి ఉన్నది.

"చేతిలో ఫోను ఉండగా ఇదంతా ఎందుకు?" అని మీలో చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 1988 నాటి హెచ్‌పి-42 ఎస్ అనే గొప్ప ప్రోగ్రామబుల్ యంత్రాన్ని అచ్చంగా పోలిన ఫ్రీ42 అనే అప్లికేషను ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. నేను దించుకొన్నాను, వాడాను, మెచ్చుకొన్నాను. ఇంటివద్ద కూర్చొని అరవై స్థలాల లెక్క కట్టడానికైతే స్ప్రెడ్‌షీట్‌ను మించినది లేదని కూడా ఒప్పుకొంటాను. ఒక్క గడిలో సూత్రం వ్రాసి క్రిందికి లాగితే అరవై జవాబులూ కనబడతాయి. ఒక్క పైసా ఖర్చు చేయలేని మిత్రులకు నా సలహా ఇదే. సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

అయితే మే నెల మధ్యాహ్నం హయత్‌నగర్ బయళ్ళలో ఫోను పట్టుకొని చూడండి. తెర మీద మన ముఖం తప్ప మరేమీ కనబడదు. వేడెక్కి తానే మూసుకొంటుంది. లెక్క మధ్యలో మ్రోగుతుంది. దుమ్ము పట్టిన వ్రేలు అద్దం మీద ఎక్కడ తాకినదో తెలియదు. మీట అయితే నొక్కినట్లు వ్రేలికే తెలుస్తుంది. మరొక కారణం కూడా ఉన్నది. ఫోను చూసి సంఖ్య చెబితే ఎవరితోనో మాట్లాడి చెప్పినట్లు ఆ పెద్దవారికి అనుమానం. మీటలు నొక్కి, అయిదు కొలతలు వారి కళ్ళముందే వేసి, జవాబు చూపితే నమ్ముతారు. ఇది శాస్త్రీయమైన కారణం కాకపోవచ్చును. కాని మా వృత్తిలో సగం నమ్మకమే.

చివరకు యంత్రం దుకాణంలో దొరకలేదు, స్నేహంలో దొరికినది. నా సహాధ్యాయి ఒకడు మలక్‌పేట వాసి. అతని అన్నగారు దమ్మాంలో రోడ్ల పనులలో సర్వేయరుగా పదేళ్ళు చేసి తిరిగి వచ్చాడు. ఆయన వద్ద క్యాసియో ఎఫ్‌ఎక్స్-5800 పి ఉన్నదని మాటల సందర్భంలో తెలిసినది. గల్ఫుకు పోయిన మన హైదరాబాదు సర్వేయర్ల పెట్టెలలో ఇటువంటివి ఇంకా ఎన్ని ఉన్నవో! ఒక ఆదివారం సాయంత్రం వారింటికి వెళ్ళాను. భాయిజాన్ యంత్రాన్ని రుమాలులో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు.

దాని లక్షణాలు చెబుతాను. ప్రోగ్రాములకు 28,500 బైట్ల స్థలం. మా గజాల సూత్రం వంటివి వందల కొలది పడతాయి. జ్ఞాపకం ఫ్లాష్ రకానిది కనుక బ్యాటరీ తీసినా ప్రోగ్రాములు చెరగవు. టీవీ రిమోట్లలో వేసే సన్నపు బ్యాటరీ ఒక్కటి చాలు, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. చెడ్డగుణాలూ ఉన్నవి. వేగం తక్కువ. పెద్ద చుట్టు లెక్కకు కాస్త ఆగవలసి వస్తుంది. కంప్యూటరుకు కలపడానికి వీలులేదు, తన వంటి మరో యంత్రానికి మాత్రమే తీగద్వారా ప్రోగ్రాములు ఇస్తుంది. కనుక ప్రతి ప్రోగ్రామునూ చేత్తో ఎక్కించాలి, కాగితం మీద వ్రాసి ఉంచుకోవాలి.

పాత యంత్రం కొనేవారు దానిని పరీక్షించే విధం ఒకటి ఉండాలి. నేను ముందుగా ప్రతి మీటనూ ఒకసారి నొక్కి చూశాను. తెరమీద అన్ని చుక్కలూ వెలుగుతున్నవో లేదో చూశాను. ఆ తరువాత గజాల ప్రోగ్రాము ఎక్కించి 30, 40, 30, 40 భుజాలు, 50 కర్ణం ఇచ్చాను. అది మూలమట్టపు స్థలం, 1200 చదరపు అడుగులు, నోటితో చెప్పగల లెక్క. 133.33 వచ్చినది. తరువాత కావాలని కర్ణాన్ని తప్పుగా, కండక్టరుగారి స్థలానికి 66 బదులు 106 అని ఇచ్చాను. 40, 60 కలిస్తే వంద, నూట ఆరు అడుగుల కర్ణం అసంభవం. వర్గమూలం క్రింద ఋణసంఖ్య పడి యంత్రం "మ్యాథ్ ఎర్రర్" అన్నది. మంచి యంత్రం తప్పు కొలతకు జవాబు చెప్పదు. కాని 66 బదులు 76 అని వేస్తే అది కూడా మౌనంగా జవాబు ఇస్తుంది. అందుకే రెండవ కర్ణం కొలవడం మానరాదు.

ధర అడిగాను. భాయిజాన్ కొంతసేపు మాట్లాడలేదు. యంత్రంతోపాటు ఒక నోటు పుస్తకం కూడా తెచ్చి పెట్టాడు. అందులో పదేళ్ళ ప్రోగ్రాములు. రోడ్డు వంపులు, మట్టి ఘనపరిమాణాలు, చుట్టు కొలతలు, బౌడిచ్ సవరణ. సూత్రాలు నీలి సిరాతో, వివరణలు ఉర్దూలో ఎర్ర సిరాతో వ్రాసి ఉన్నవి. "యంత్రం మూడు వేలకు తీసుకొనిపో. పుస్తకానికి ధర లేదు. జిరాక్సు తీసుకొని అసలుది తిరిగి తెచ్చి ఇయ్యి. నా చేతి రాత మీద నాకు కొంచెం మమకారం" అన్నాడు. నేను బేరమాడలేదు. మూడు వేలు పోను పరీక్ష రుసుముకు వేయి మిగిలినది. సరిపోయినది, కాని ఆ నెలలో బస్సు పాసు తప్ప మరొక ఖర్చు పెట్టలేదు.

దిల్‌సుఖ్‌నగర్ జిరాక్సు దుకాణంలో ఆ నూట పన్నెండు పుటలూ తీయించాను. ఉర్దూ వివరణలను నా మిత్రుడు చదివి వినిపించగా తెలుగులో ప్రక్కన వ్రాసుకొన్నాను. ఒక పుటలో భాయిజాన్ వ్రాసిన హెచ్చరిక నాకు ఎంతో నచ్చినది. కోణం డిగ్రీలలో ఉన్నదో రేడియన్లలో ఉన్నదో ప్రతి ఉదయం మొదట చూసుకొనవలెనని, చూడకుండా మొదలుపెట్టిన దినపు పనిని సాయంత్రం మళ్ళీ చేయవలసి వస్తుందని దాని భావం.

ఇప్పుడు నా సంచిలో రెండు యంత్రాలుంటాయి. పరీక్షకు 991, పొలానికి 5800. ఎవరైనా సలహా అడిగితే ముందుగా ఒక ప్రశ్న వేస్తాను: నీ సూత్రం ఒక్క వరుసలో పడుతుందా, దానిని ఒక్క చోట కూర్చొని చేస్తావా? అవునంటే కాల్క్ మీట ఉన్న 991 చాలు, వేయి రూపాయల పైచిలుకుతో పని అయిపోతుంది, పరీక్షకూ అదే పనికివస్తుంది. సూత్రం పొడవుగా ఉన్నా, మెట్లు మెట్లుగా ఉన్నా, రోజుల తరబడి నిలవాలన్నా ప్రోగ్రామబుల్ వెదకాలి. కొత్తదానికై డబ్బు పాడుచేసుకొనడం కన్న గల్ఫు నుండి వచ్చినవారి ఇళ్ళలో, విశ్రాంతి పొందిన సర్వేయర్ల పెట్టెలలో అడిగి చూడడం మేలు.

కళాశాల సంఘం వారికి ఒక విన్నపం. మన గ్రంథాలయంలో సర్వే పుస్తకాలు బహు చక్కగా ఉన్నవి. వాటి ప్రక్కనే రెండు మూడు ప్రోగ్రామబుల్ యంత్రాలను ఉంచి, పుస్తకాలవలెనే చీటీ వ్రాయించుకొని వారం దినాలకు ఇస్తే క్షేత్రపు పనికి పోయే విద్యార్థులకు ఎంతో మేలు. పాతవైనా సరే. భాయిజాన్ అనుమతితో ఆ నోటు పుస్తకపు ప్రతిని, నా తెలుగు వివరణలతో సహా, గ్రంథాలయానికి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. బైండు చేయించే ఖర్చు మాత్రం సంఘంవారు భరించాలి.

కండక్టరుగారు ఆ స్థలాన్ని 276 గజాలకే డబ్బు కట్టి కొన్నారు. మధ్యవర్తి రెండు వారాలు అలిగి, తరువాత ఒప్పుకొన్నాడు. ఈ మధ్య అతడే మామయ్యకు ఫోను చేసి, తన సొంత స్థలమొకటి కొలిపించుకోవాలని, ఆ పిల్లవాణ్ణి కూడా వెంట తీసుకొని రమ్మని చెప్పాడు. రెండు కర్ణాలూ కొలవమన్నాడట.